33 వారాలకే పుట్టిన పాప ఇంటికొచ్చింది, బరువు 1660 గ్రాములు. స్నానం, పాలు, చలి గురించి తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్

#1 పాలమూరు_నాన్న | జనవరి 9, రాత్రి 11:52

అందరికీ నమస్తే. మాకు డిసెంబర్ 17న పాప పుట్టింది, 33 వారాలకే, 1540 గ్రాములు. సర్కారు దవాఖానల ఎస్‌ఎన్‌సీయూల, అంటే పసిపిల్లల స్పెషల్ వార్డుల, 20 రోజులు ఉంచిన్రు, మొదటి నాలుగు రోజులు ఊపిరికి సాయం చేసే సీప్యాప్ మిషన్ మీద, తర్వాత ముక్కుల పైపు తీసి నోట్ల గొట్టంతోని పాలు, ఆ తర్వాత ఉగ్గుగిన్నెతోని. 6వ తారీఖున 1660 గ్రాములున్నప్పుడు డిశ్చార్జ్ చేసిన్రు. అక్కడున్నన్ని రోజులు మిషన్లు కూస్తుంటే భయమయ్యేది, ఇప్పుడు ఇంట్ల మిషన్ కూతల్లేవని భయమైతుంది, రాత్రి లేచి లేచి ఊపిరి చూస్తున్న.

నా డౌట్లు ఏందంటే, మా అమ్మ 21 దాటింది కదా నూనె రాసి వేడినీళ్లు పోసి సాంబ్రాణి వేద్దాం అంటుంది, నా భార్య వద్దంటుంది, ఇంట్ల రోజూ ఇదే పంచాయితీ. ఇంకోటి, ఈ చలికి గదిల కుంపటి పెట్టొచ్చా? పాప ఎక్కువ నిద్రపోతుంది, మూడు గంటలకోసారి 20 ఎంఎల్ దాకా తాగుతుంది, నిద్రలుంటే లేపట్లేదు, మంచిదేనా? సంక్రాంతికి అక్కబావ వాళ్లు పిల్లలతోని వస్తమంటున్రు. ఏం చెయ్యాలో చెప్పండి.

#2 గోదారోళ్ళమ్మాయి | జనవరి 10, ఉదయం 6:15

ముందు కంగ్రాట్స్ అండీ, పాపకి నా దీవెనలు. మా అన్నయ్య కొడుకు కూడా నెలలు తక్కువే, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, మీరు ధైర్యంగా ఉండండి. పొద్దున్నే లేత ఎండలో ఓ అరగంట పడుకోబెట్టండి, పసిరికలు రావు, ఎముకలకీ మంచిది. మా అమ్మ మా ఇంట్లో పిల్లలందరికీ అదే చేసింది.

#3 నైట్‌డ్యూటీ_సిస్టర్ | జనవరి 10, ఉదయం 8:40

డ్యూటీ దిగి బస్సులో కూర్చుని చూశాను ఈ పోస్టు. తమ్ముడూ, నేను 14 ఏళ్లుగా ఎస్‌ఎన్‌సీయూలోనే స్టాఫ్ నర్సుని. స్నానం సంగతి తర్వాత చెప్తాను, ముందు పాల లెక్క చూద్దాం, నాకు కంగారుగా ఉన్నది అక్కడే.

ఈ వయసులో ఇలాంటి బిడ్డకి కిలోకి రోజుకి 150 నుంచి 180 ఎంఎల్ పాలు వెళ్ళాలి. మీ పాప 1660 అంటే రోజు మొత్తానికి సుమారు 250 నుంచి 300. మీరు మూడు గంటలకోసారి 20 అంటున్నారు, అంటే ఎనిమిదిసార్లు, 160 ఎంఎల్. అందులో నిద్రపోతోందని ఒకటి రెండుసార్లు వదిలేసి ఉంటారు. దాదాపు సగం తిండే కదా. పాప నిద్రపోవడం కడుపు నిండి కాదేమో అని నా అనుమానం, నీరసం వల్లా, చలి వల్లా కూడా ఈ పిల్లలు అలా మగతగా పడుకుంటారు. నెలలు నిండిన బిడ్డ ఆకలైతే ఊరంతా వినపడేలా ఏడుస్తుంది, వీళ్ళకి ఏడవడానికి కూడా శక్తి ఉండదు, అందుకే వీళ్ళ దగ్గర ఆకలి ఏడుపు కోసం ఎదురుచూడకూడదు, గడియారం చూసి రెండు గంటలకోసారి లేపి పట్టాలి, రాత్రి కూడా.

ఇప్పుడే ఒక పని చెయ్యి. నీ చేతి వెనక భాగంతో పాప పొట్ట ముట్టుకో, తర్వాత అరికాళ్ళు. రెండూ గోరువెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా ఉండి కాళ్ళు చల్లగా ఉంటే ఒళ్ళు చల్లబడటం మొదలైందని. రెండూ చల్లగా ఉంటే ఇంట్లో ఉండొద్దు, వెంటనే దవాఖానకి. ధర్మామీటర్ ఉంటే చంకలో పెట్టి చూడు, 36.5 నుంచి 37.5 మధ్య ఉండాలి. చూసి ఇక్కడే రాయి. ఎలాగూ ఈ రోజు బరువు చూపించి రండి, నాలుగు రోజులైంది కదా.

కుంపటి మాత్రం వద్దే వద్దు. మూసిన గదిలో బొగ్గుల పొగ పెద్దవాళ్ళనే చంపేస్తుంది.

#4 పాలమూరు_నాన్న | జనవరి 10, ఉదయం 9:05

సిస్టర్, పొట్ట వెచ్చగుంది, కాళ్లు మాత్రం చల్లగున్నయ్. ధర్మామీటర్ లేదు. ఆటో మాట్లాడిన, పోతున్నం.

#5 నైట్‌డ్యూటీ_సిస్టర్ | జనవరి 10, ఉదయం 9:09

ఆటోలో పాపని చేతుల్లో పట్టుకుని వెళ్ళకండి. మీ ఆవిడ జాకెట్టు హుక్కులు తీసి, పాపకి డైపరూ టోపీ సాక్సూ తప్ప ఏమీ లేకుండా రొమ్ముల మధ్య నిలువుగా పడుకోబెట్టి, మెడ కొంచెం పైకి ఉండేలా తల ఒక పక్కకి తిప్పి, మీద చీర కొంగు చుట్టి ఆ పైన శాలువా కప్పుకోమను. మొహం మాత్రం కప్పొద్దు, ముక్కు కనపడుతూ ఉండాలి. బయల్దేరే ముందు ఎన్ని పడితే అన్ని పాలు పట్టండి. బండి కావాలంటే 102కి ఫోన్ చెయ్యొచ్చు, ఏడాది లోపు బిడ్డకి జబ్బు చేస్తే సర్కారు ఆసుపత్రిలో వైద్యం, మందులు, రానుపోను బండి అన్నీ ఉచితమే, అది జననీ శిశు సురక్ష కింద మీకు రావాల్సిందే, మొహమాటపడకండి.

#6 కవలల_అమ్మ | జనవరి 10, మధ్యాహ్నం 1:30

ఈ థ్రెడ్ చదువుతుంటే చేతులు వణికాయి నాకు. మా కవలలు 32 వారాలకి పుట్టారు, ఒకడు 1380, ఒకడు 1450. ఒక ప్రైవేటు ఆసుపత్రి, పేరు వద్దులెండి, 11 రోజులు నన్ను లోపలికి రానివ్వలేదు. ఇన్ఫెక్షన్ వస్తుంది అమ్మా అనేవాళ్ళు. అద్దంలోంచి చూసి వచ్చేదాన్ని. పాలు పిండి ఇమ్మని కూడా ఎవరూ చెప్పలేదు, సిజేరియన్ కుట్లతో నేను వార్డులో ఏడుస్తూ పడుకుంటే లోపల వాళ్ళకి డబ్బా పాలు పట్టారు. 12వ రోజు చేతికిచ్చి పాలు ఇవ్వండి అంటే ఎక్కడినుంచి వస్తాయి? రొమ్ము కట్టి, జ్వరం వచ్చి, తగ్గి, పాలు ఎండిపోయాయి అప్పటికే.

తర్వాత ఒక నర్సమ్మ, రిటైరైన ఆవిడ, మా పక్క వీధిలో ఉండేది, ఇంటికొచ్చి చూసింది. రోజుకి ఎనిమిది నుంచి పదిసార్లు పిండాలి, రాత్రి రెండింటికి కూడా, ఐదు చుక్కలు వచ్చినా పిండాలి అని చెప్పి కూర్చోబెట్టి చేతితో ఎలా పిండాలో చూపించింది, బొటనవేలు పైన చూపుడువేలు కింద నల్లటి భాగం వెనకాల పెట్టి ఛాతీ వైపుకి నొక్కి తర్వాత రెండు వేళ్ళూ దగ్గరకి తెచ్చి. చనుమొన పట్టి లాగితే నొప్పే తప్ప పాలు రావు. పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిని ఛాతీ మీద వేసుకుని, వాళ్ళు మీదున్నప్పుడే లేదా దించిన వెంటనే పిండేదాన్ని. తొమ్మిదో రోజుకి అర గ్లాసు వచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని నేనెంత ఏడ్చానో. నెల తిరిగేసరికి డబ్బా మానేశాం.

పాలమూరు గారూ, మీ ఆవిడకి పాలు తక్కువ అని ఎవరన్నా అంటే ఆవిడ వినేలా అననివ్వకండి. అది విన్నాక నాకు ఆ పూట పాలే దిగేవి కాదు.

#7 పాలమూరు_నాన్న | జనవరి 10, సాయంత్రం 6:48

వచ్చినం. బరువు 1630. ముప్పై గ్రాములు తగ్గింది నాలుగు రోజుల్ల. టెంపరేచర్ 36.1 ఉండె. రక్తంల షుగర్ చూసిన్రు, బానే ఉందన్నరు. సాయంత్రం దాకా అక్కడనే కూర్చోబెట్టి నా భార్య ఛాతీ మీద వేసి, రెండు గంటలకోసారి 25 ఎంఎల్ పట్టిచ్చిన్రు, 36.8కి వచ్చినంక పంపిచ్చిన్రు. అక్కడి మేడమ్ కూడా మీరు చెప్పినట్టే చెప్పింది సిస్టర్. ఇంకొక రోజు చూసుకుంట కూసుంటే ఏమయ్యేదో. మీకు ఎట్ల థాంక్స్ చెప్పాల్నో తెలుస్తలేదు.

మా అమ్మ దవాఖానకు రాలేదు, వచ్చినంక సంగతి చెప్తే ఏం మాట్లాడకుండ లోపలికి పోయి కూసుంది. రేపు పొద్దున నూనె పెడతనని కూడా అనలే.

#8 నైట్‌డ్యూటీ_సిస్టర్ | జనవరి 10, రాత్రి 7:55

హమ్మయ్య. నైట్ డ్యూటీకి వెళ్తూ రాస్తున్నాను, కొంచెం పెద్దగానే రాస్తాను.

బిడ్డని ఇలా ఛాతీ మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా వేసుకోవడాన్ని కంగారూ మదర్ కేర్, కేఎంసీ అంటాం, డిశ్చార్జ్ కార్డు మీద రాసే ఉంటుంది, చాలామంది దాన్ని ఆసుపత్రిలో చేసే వ్యాయామంలాగా అనుకుని ఇంటికెళ్ళాక మానేస్తారు. ఇది పుట్టిందే పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు, ఇంక్యుబేటర్లు, చాలకపోవడం వల్ల. 1978లో కొలంబియా దేశంలో బొగొటా అనే ఊళ్ళో ఎడ్గార్ రే అనే పిల్లల డాక్టరు, వార్డులో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టాల్సి వస్తుంటే, ఒకరి ఇన్ఫెక్షన్ ఒకరికి అంటుకుని పిల్లలు పోతుంటే, తల్లుల ఛాతీ మీదే కట్టేసి వెచ్చగా ఉంచడం మొదలుపెట్టాడు. ఇప్పుడు పెట్టెలు ఉన్నచోట కూడా ఇదే మేలని తేలింది. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఆఫ్రికాలో నాలుగు దేశాల ఆసుపత్రుల్లో కలిపి చేసిన పెద్ద పరిశోధన 2021లో వచ్చింది, కిలో నుంచి 1800 గ్రాముల లోపు పిల్లల్ని కుదుటపడేదాకా ఆగకుండా పుట్టగానే తల్లి ఛాతీ మీద వేస్తే, కుదుటపడ్డాక వేసినవాళ్ళతో పోలిస్తే నెలలోపు చనిపోయేవాళ్ళు నాలుగో వంతు తగ్గారు. నాలుగో వంతు అంటే మాలాంటి వార్డులో ఎన్ని ఉయ్యాలలో ఆలోచించండి. మర్నాటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 8 నుంచి 24 గంటలు చెయ్యమని రాసింది.

అందుకని మీ ఇంట్లో హీటరూ వద్దు కుంపటీ వద్దు. ఒకసారి వేసుకుంటే కనీసం గంట దించకూడదు, ఎత్తుతూ దించుతూ ఉంటే చలి తగులుతుంది, నిద్ర చెడుతుంది. వాలుకుర్చీలో గానీ దిండ్లు పెట్టుకుని వెనక్కి వాలి గానీ ఉండాలి, మరీ వెల్లకిలా పడుకోవద్దు. నువ్వూ చెయ్యి తమ్ముడూ, చొక్కా విప్పి. నాన్న ఛాతీ కూడా అంతే వెచ్చన. సిగరెట్ అలవాటుంటే మాత్రం దగ్గరికే రావద్దు.

స్నానం ఇప్పుడు వద్దు. రెండు కిలోలు దాటి, బొడ్డు ఊడి, రోజూ బరువు పెరుగుతున్నప్పుడు చూద్దాం. అప్పటిదాకా గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన మెత్తటి గుడ్డతో మొహం, చంకలు, గజ్జలు, కింద తుడవండి చాలు, అది కూడా ఒక్కో భాగం తుడిచి ఆరబెట్టి కప్పేస్తూ. బొడ్డు ఇంకా ఊడకపోతే దానికి పసుపు, నూనె, పౌడరు ఏమీ పెట్టొద్దు, పొడిగా వదిలెయ్యండి. కళ్ళకి కాటుక వద్దు, కొన్నిటిలో సీసం ఉంటుంది, దిష్టి చుక్క కావాలంటే టోపీ మీద పెట్టుకోండి. తేనె ఏడాది దాకా నాకించొద్దు. వస కొమ్ము అరగదీసి నాకించడం, ఆముదం పట్టడం, చెవుల్లో ముక్కులో నూనె చుక్కలు వెయ్యడం, ఇవేవీ వద్దు. సాంబ్రాణి పొగ అసలే పచ్చి ఊపిరితిత్తులకి విషంతో సమానం.

పోస్టు #2 అమ్మాయి గారూ, లేత ఎండ విషయం ప్రేమతో చెప్పారని తెలుసు కానీ ఈ పాపకి వద్దు. బట్టలు తీసి ఎండలో పెడితే చల్లబడుతుంది, కాసేపు ఎక్కువైతే కమిలిపోతుంది. పచ్చదనం అరిచేతులకీ అరికాళ్ళకీ పాకితే ఎండలో పెట్టి ఎదురుచూడకుండా ఆ రోజే రక్తపరీక్షకి తీసుకెళ్ళాలి.

#9 నర్సింగ్_టీచర్ | జనవరి 10, రాత్రి 9:20

ఎండ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలనిపించింది, మా స్టూడెంట్స్‌కి ప్రతి బ్యాచ్‌లో చెప్తాను. పచ్చకామెర్లకి నీలం లైటు కింద పెడతారు కదా, ఆ వైద్యం కనిపెట్టడానికి దారి చూపింది ఒక నర్సు. ఇంగ్లండులో ఎసెక్స్ జిల్లా రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అని, నెలలు తక్కువ పిల్లల వార్డు ఆవిడ చూసేది. పిల్లలకి స్వచ్ఛమైన గాలి తగలాలని ఎండగా ఉన్న రోజుల్లో వాళ్ళని ఆవరణలోకి తీసుకెళ్ళేది. 1956లో ఒకరోజు రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్లకి ఒక బిడ్డని బట్ట తీసి చూపించింది, ఒళ్ళంతా పచ్చదనం తగ్గి పాలిపోయి ఉంది, దుప్పటి మూల కప్పిన చోట మాత్రం ముక్కోణం ఆకారంలో పచ్చగా అలాగే ఉండిపోయింది. ఆ తర్వాతే అక్కడి డాక్టర్లు వెలుగు మీద పరీక్షలు చేసి 1958లో ప్రచురించారు. నీలం వెలుగు ఒంటిని పచ్చగా చేసే బిలిరుబిన్‌ని నీళ్ళలో కరిగే రూపంలోకి మారుస్తుంది, అప్పుడది ఒంట్లోంచి బయటికి పోతుంది. ఎండలో ఆ వెలుగు ఉన్నా దాంతోపాటు వేడి, కమిలించే కిరణాలు కూడా ఉంటాయి, ఎంత తగిలిందో కొలవలేం, అందుకే లైటు.

మా పిల్లలకి నేను చెప్పేదేంటంటే బిడ్డని పూర్తిగా బట్ట విప్పి చూడండి అని. బట్టల మీద నుంచి చూసి చార్ట్ రాస్తే ఆ ముక్కోణం ఎవరికీ కనపడేది కాదు.

#10 డాలస్_తెలుగమ్మ | జనవరి 11, ఉదయం 5:40

మా బాబు ఇక్కడ 31 వారాలకి పుట్టాడు, ఎన్‌ఐసీయూలో ఉన్నప్పుడు నర్సులే రోజూ ఎన్ని గంటలు ఛాతీ మీద పెట్టుకున్నారో అడిగేవాళ్ళు. మా అత్తగారు హైదరాబాద్ నుంచి వచ్చి ఇదంతా చూసి ఏంటమ్మా ఈ దేశంలో బిడ్డకి చొక్కా కూడా వెయ్యరా అన్నారు. తర్వాత ఆవిడే రాత్రిపూట నన్ను పడుకోమని తను వేసుకుని కూర్చునేవారు. పాలమూరు గారూ, ముద్దులు పెట్టనివ్వకండి ఎవర్నీ, దగ్గు జలుబు ఉన్నవాళ్ళు ఎంత దగ్గరివాళ్ళైనా గుమ్మం దగ్గరే.

#11 బామ్మ_రాజమండ్రి | జనవరి 11, ఉదయం 7:10

నాయనా, నాకు 71 ఏళ్లు, మనవరాలు టైపు చేసి పెడుతోంది. మీ అమ్మగారి గురించి రాద్దామని.

నా రెండో బిడ్డ ఎనిమిదో నెలలో పుట్టాడు. అప్పట్లో ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనేవారు, మంత్రసాని మొహమే చూడలేదు వాడిని. మా అమ్మ దూది పరిచి పొత్తిగుడ్డల్లో చుట్టింది, అయినా ఒళ్లు చల్లబడిపోతుంటే తన రవిక విప్పి గుండెలకి హత్తుకుని పైన దుప్పటి కప్పుకుని పొయ్యి దగ్గరి గోడకి ఆనుకుని కూర్చుంది. పగలంతా అలాగే. నా పాలు ఉగ్గుగిన్నెలో పిండి ఇస్తే చుక్క చుక్క పోసేది. వాడు బతికాడు, ఇప్పుడు వాడికి మనవలు. ఆ తర్వాత పుట్టినవాడు నెలలు నిండి పుట్టినా, పదిహేనో రోజున తలంటి పోస్తే మూడు రోజులు జ్వరమొచ్చి పోయాడు. స్నానం వల్లే పోయాడో ఏమో నాకిప్పటికీ తెలీదు, కానీ ఆ నీళ్ళు పోసింది నేను.

ఇప్పుడు ఈ నర్సమ్మ చెప్పేది చదివిస్తే విన్నాను. అది మా అమ్మ చేసిందే. మీ అమ్మగారితో నీకేం తెలీదు అనకు. నలుగు పెట్టడం, నీళ్ళు పొయ్యడం ఆవిడ చేతి పని, అది లాక్కుంటే ఆవిడకి ఆ ఇంట్లో ఇంకేం మిగులుతుంది? వేరే పని చేతిలో పెట్టు. బిడ్డని గుండెల మీద వేసుకోమను. కోడలు నిద్రపోవాలి కదా మరి. గడియారం చూసి లేపే పని ఆవిడకిచ్చెయ్, మాకు రాత్రిళ్ళు నిద్ర ఎలాగూ పట్టదు.

#12 నైట్‌డ్యూటీ_సిస్టర్ | జనవరి 11, ఉదయం 8:50

బామ్మగారూ, బస్సులో మీ పోస్టు చదివి దిగాల్సిన స్టాపు దాటి వచ్చేశాను. మీ కాళ్ళకి నమస్కారం.

మేం డిశ్చార్జ్ రోజు తల్లికి పావుగంట చెప్తాం, ఆ పావుగంటలో ఆ పిల్ల సగం నిద్రలో ఉంటుంది, బయట గుమ్మం దగ్గర నిలబడ్డ అత్తగారిని లోపలికి పిలిచి చెప్పం. ఇంటికెళ్ళాక నిర్ణయం ఆవిడది. నేను ఈ మధ్య నా బిడ్డల విషయంలో, అంటే నా వార్డు పిల్లల విషయంలో, అమ్మమ్మనో నానమ్మనో కూర్చోబెట్టి వాళ్ళ చేత చేయించి చూపించాకే సంతకం పెట్టిస్తున్నాను.

తమ్ముడూ, ఉగ్గుగిన్నె గురించి ఇంకో మాట, పాతకాలంలోలా కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి నోరు తెరిచి పొయ్యొద్దు, పొలమారితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల ఎత్తుగా సగం కూర్చున్నట్టు పట్టుకుని, గిన్నె ముక్కు కొస పాప పెదవి మూలకి ఆనించి, కొంచెం వంపి ఆగాలి, మింగాక మళ్ళీ. మగతగా ఉన్నప్పుడు పొయ్యొద్దు, అరికాళ్ళు రుద్ది, పొత్తిగుడ్డ విప్పి లేపాకే. 25 ఎంఎల్ తాగడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు, తొందరపడొద్దు. గిన్నె సబ్బుతో కడిగి ప్రతిసారీ పావుగంట పైన మరిగించండి. పాప ఇప్పుడు 36 వారాలు దాటినట్టు లెక్క, చీకి మింగి ఊపిరి తీసుకోవడం కలిసి చెయ్యగలదు, అందుకని ప్రతిసారీ ముందు రొమ్ముకి పట్టి, అలసిపోయాక మిగతాది పిండిన పాలు గిన్నెతో. పిండిన పాలు మూతపెట్టి బయట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో 24 గంటలు, వేడిచెయ్యాలంటే వేన్నీళ్ళ గిన్నెలో పెట్టాలి, స్టవ్ మీద కాదు.

#13 ఆశా_అక్క_ఖమ్మం | జనవరి 11, మధ్యాహ్నం 2:15

అన్నా మీ ఊరి ఆశా వచ్చిందా? ఆసుపత్రిల కాన్పైతే మేం 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికి రావాలె, దవాఖాన నుంచి వచ్చిన చిన్న పిల్లలకి ఇంకా ఎక్కువ చూడాలె. రాకపోతే ఫోన్ చేసి పిలువు, మా సంచిల బరువు కాటా, ధర్మామీటర్, ఊపిరి లెక్కపెట్టనీకి గడియారం ఉంటయి. నిమిషం నిండ లెక్కపెట్టాలె, 60 గానీ అంతకు మించి గానీ ఉంటే, డొక్కలు లోపలికి గుంజుకపోతుంటే, పాలు మానేస్తే, ఫిట్స్ లెక్క కొట్టుకుంటే, ముట్టుకుంటే తప్ప కదలకపోతే, ఒళ్లు బాగా చల్లగ గానీ కాలుతున్నట్టు గానీ ఉంటే ఏ అర్ధరాత్రైనా 108. పండుగ అని, తెల్లారనీ అని ఆగద్దు. నేను పోయిన యేడు ఒక ఇంటికి పొద్దుగాల పోయేసరికి లేటైంది అన్నా, అందుకే చెప్తున్న.

చేతులు కడుక్కునుడు అందరికీ నేర్పు. సబ్బుతోని 40 సెకన్లు, ఉంగరాలు గాజులు తీసి.

#14 అనంతపురం_శీను | జనవరి 12, ఉదయం 10:30

మా వదినకి ఇలాగే ఉంటే డాక్టర్ డబ్బా పాలు రాశారు, అందుకే అడుగుతున్నా, తల్లికి పాలు చాలకపోతే డబ్బా పాలకి పోకుండా వేరే దారి ఉందా?

#15 నర్సింగ్_టీచర్ | జనవరి 12, ఉదయం 11:45

ఉంది. తల్లిపాల బ్యాంకులు. ఆసియాలోనే మొదటిది 1989లో ముంబై సయాన్ ఆసుపత్రిలో పెట్టారు, డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ గారు. మన హైదరాబాద్‌లో నిలోఫర్‌లో ధాత్రి అని ఉంది, 2017 నుంచి. ఇచ్చే తల్లికి రక్తపరీక్షలు చేసి, పాలని వేడిచేసి శుద్ధి చేసి, మళ్ళీ పరీక్షించి అప్పుడు ఇస్తారు. ముఖ్యంగా లోపల అడ్మిట్ అయి ఉన్న చిన్న బరువు పిల్లలకే. పక్కింటి తల్లి పాలు నేరుగా తెచ్చి పట్టడం మాత్రం వద్దు.

#16 పాలమూరు_నాన్న | జనవరి 17, రాత్రి 9:30

వారం సంది రాయలేకపోయిన, క్షమించండి. ఇయ్యాల బరువు 1770!!

బామ్మగారు చెప్పినట్టు చేసిన. మా అమ్మ దగ్గర కూసుని మీ పోస్టు మొత్తం చదివి వినిపించిన, దూదిల చుట్టింది, గోడకి ఆనుకుని కూసుంది, అన్నీ. చదువుతుంటే అమ్మ ఏడ్చింది. నా కన్న ముందు ఒక అక్క పుట్టి ఆరు రోజులకే పోయిందట, నాకు 29 ఏళ్లు, ఇన్నేండ్లల ఎన్నడూ చెప్పలేదు. అందుకేనట నూనె పెట్టి గట్టి చేద్దామని తొందరపడ్డది. ఆ రాత్రి తనే అడిగింది ఎట్ల వేసుకోవాలె అని. నా భార్య చూపించింది. నా లుంగీతోని కట్టినం. పాప అమ్మ మీద రెండు గంటలు కదలకుండ పడుకుంది, అమ్మ కూడ కదలలే, మెడ నొస్తుందన్నా దించలే. ఇప్పుడు రాత్రి పదకొండు నుంచి రెండు దాకా అమ్మ డ్యూటీ, రెండు నుంచి ఐదు నాది, మిగతాది నా భార్యది. మొత్తం కలిపితే రోజుకు 14, 15 గంటలైతుంది. గోడకు కాగితం అంటించి ఎన్ని ఎంఎల్, ఎన్నిసార్లు మూత్రం, అన్నీ రాస్తున్నం. అమ్మకు చదువు రాదు, తన వంతుల గీతలు గీస్తది.

పండుగకు అక్కబావ వాళ్లు వచ్చిన్రు కానీ పిల్లల్ని లోపలికి రానీయలే, అమ్మనే గుమ్మం కాడ కుర్చీ వేసుకుని కూసుంది. అక్క కొంచెం అలిగింది. బారసాల పాప రెండున్నర కిలోలు దాటినంకనే అని చెప్పేసినం.

పాలు కూడ పెరిగినయ్, కవలల అమ్మ గారు చెప్పిన తీరుగ పిండుతుంది. రొమ్ము పది నిమిషాల దాకా చీకుతుంది ఇప్పుడు.

#17 కవలల_అమ్మ | జనవరి 17, రాత్రి 9:41

1770!!! మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

#18 నైట్‌డ్యూటీ_సిస్టర్ | జనవరి 18, ఉదయం 8:30

ఏడు రోజుల్లో 140 గ్రాములు, రోజుకి 20. బాగుంది, ఇంకాస్త పెరగాలి. రోజుకి కిలోకి 15 గ్రాములైనా పెరగాలని మా లెక్క, అంటే 25 దాటాలి. బరువు పెరిగిన కొద్దీ పాలు కూడా పెంచాలి, ఇప్పుడు 1770 కాబట్టి రొమ్ము కాక గిన్నెతో ఎంత అన్నది ఫాలోఅప్‌లో అడుగు, పాత 25 దగ్గరే ఆగిపోవద్దు. విటమిన్ డి చుక్కలు 400 యూనిట్లు, ఐరన్ చుక్కలు కార్డులో రాసినట్టు వేస్తున్నారు కదా? ఆరు వారాల టీకాలు బరువు తక్కువని వాయిదా వెయ్యొద్దు, పుట్టిన తేదీ లెక్కనే వెయ్యాలి.

ఇంకా ముఖ్యమైనది, కళ్ళ పరీక్ష అయిందా? 34 వారాల లోపు పుట్టిన వాళ్ళకి, రెండు కిలోల లోపు వాళ్ళకి నెల తిరిగేలోపు కంటి వెనక పొర, రెటీనా అంటారు, అది చూడాలి. నెలలు తక్కువ పిల్లల్లో ఆ రక్తనాళాలు ఇంకా పూర్తిగా పెరగవు, ఆక్సిజన్ తీసుకున్న వాళ్ళలో అవి వంకరగా పెరిగి రెటీనా ఊడిపోయే ప్రమాదం ఉంది, బయటికి కన్ను చక్కగా మామూలుగానే కనపడుతుంది, అందుకే చాలామంది తీసుకెళ్ళరు. సరైన వారంలో చూస్తే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో ఆపొచ్చు, ఆ వారాలు దాటిపోతే చూపు తిరిగి రాదు. మా వార్డులో ప్రాణం దక్కించుకుని వెళ్ళిన ఒక బాబు ఏడాది తర్వాత చూపు లేకుండా వచ్చాడు, కార్డు మీద తేదీ రాసే ఉంది. ఆ రోజు నుంచి నేను ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో రెండుసార్లు గీస్తాను.

#19 పాలమూరు_నాన్న | జనవరి 18, ఉదయం 9:12

కార్డు మీద 16 అని ఉంది సిస్టర్, పండుగల మరిచిపోయినం. ఇప్పుడే ఫోన్ చేసిన, ఎల్లుండి 20న రమ్మన్నరు. హైదరాబాద్ పోవాలె.

#20 నైట్‌డ్యూటీ_సిస్టర్ | జనవరి 18, ఉదయం 9:15

20 దాటనివ్వొద్దు.

#21 పాలమూరు_నాన్న | జనవరి 24, సాయంత్రం 5:20

20న పోయొచ్చినం. రెండు కండ్లల్ల రక్తనాళాలు ఇంకా పూర్తిగా పెరగలేదంట, ఇప్పటికైతే జబ్బు లేదన్నరు, రెండు వారాలకు మళ్ల రమ్మన్నరు, ఫిబ్రవరి 3. పొద్దుగాల్నే పోయినం, పాపను ఛాతీ మీదనే కట్టుకుని బస్సుల. పరీక్ష అప్పుడు బాగ ఏడ్చింది, తాగిన పాలన్నీ కక్కింది, చాలా భయమైంది.

ఇయ్యాల బరువు 1950. బొడ్డు ఊడింది. అమ్మ ఇంకా స్నానం మాట ఎత్తలే, రెండు కిలోలు కాలేదు కదా అంటుంది తనే.

#22 నైట్‌డ్యూటీ_సిస్టర్ | జనవరి 24, రాత్రి 7:30

ఫిబ్రవరి 3న పరీక్షకి గంట ముందే పాలు పట్టడం ఆపేయండి, అప్పుడు కక్కదు. కళ్ళలో చుక్కలు వేశాక పాప వెలుగు చూడలేకపోతుంది, తిరుగు బస్సులో టోపీ కొంచెం కిందికి లాగండి. అయిపోగానే అక్కడే రొమ్ముకి పట్టి ఛాతీ మీద వేసుకోమను, ఏడుపు త్వరగా ఆగుతుంది. మీ అమ్మగారిని కూడా తీసుకెళ్ళు, ముగ్గురుంటే మార్చి మార్చి వేసుకోవచ్చు.